ఆ సన్న సందుకే పది వేలా?

ప్రశ్న: అన్నా, మాది మహబూబ్‌నగర్, మెట్టుగడ్డ దగ్గర. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాను. మొన్న చీటీ ఎత్తితే 60 వేలు చేతికి వచ్చాయి. ఎన్నాళ్ల నుంచో పీఎస్5, అంటే టీవీకి తగిలించి గేములు ఆడుకునే సోనీ కన్సోల్ కొనాలని ఉంది. షాపుకు పోతే గేము డిస్క్ పెట్టే సందు ఉన్నది, లేనిది అని రెండు చూపించారు. లేనిది పది వేలు తక్కువ, ఆటలో తేడా ఏమీ ఉండదు అన్నారు. మా దోస్తు ఒకడు ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ తీసుకో, ఇంకా తక్కువకు వస్తుంది అంటాడు. ఇంకొకడు కొంటే పీఎస్5లో పెద్దదైన ప్రో కొను, లేకపోతే ఊరుకో అంటాడు. ఇంట్లో 2018లో కొన్న 32 అంగుళాల టీవీ ఉంది, గోడ గూట్లో పెట్టాం. నెట్ అంటే ఇప్పటికి ఫోన్ హాట్‌స్పాటే. నాకు కథ ఉన్న గేములు ఇష్టం. ఇంటర్ చదివే తమ్ముడికి ఫుట్‌బాల్, క్రికెట్. మా నాయన మాత్రం ‘ఆ పైసలతో బోరు మోటరు బాగుచేయిస్తే యాసంగిలో వేరుశనగకన్నా నీళ్లు పారుతాయి’ అంటున్నాడు. ఏది తీసుకోమంటావు?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు:

తమ్ముడూ, షాపాయన నీకు అబద్ధం చెప్పలేదు. కానీ సగమే చెప్పాడు. ఆటలో తేడా ఉండదన్నది నిజం. ఆట కొనడంలో, అమ్మడంలో, అడిగి తెచ్చుకోవడంలో ఉన్న తేడా ఆయన చెప్పలేదు. అది ఆయన పని కూడా కాదనుకో.

ముందు ఒక ముడి విప్పుకుందాం. మీ దోస్తు చెప్పిన ‘తక్కువ’ వేరు, షాపాయన చెప్పిన ‘తక్కువ’ వేరు. ట్రాక్టరుతో చెబితే మీ నాయనకు కూడా అర్థమవుతుంది. సోనీ వాళ్లు చవక మోడల్‌లో అదే ట్రాక్టరు, అదే హెచ్‌పీ ఇచ్చి, వెనక ట్రాలీ తగిలించే హుక్కు తీసేశారు. ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్ వాళ్లు హుక్కూ తీసేశారు, ఇంజనూ చిన్నది పెట్టారు. పీఎస్5లో డిస్క్ ఉన్నా లేకున్నా చిప్పు అదే, 16 జీబీ మెమరీ అదే, ఇప్పుడు వచ్చే సన్న మోడల్ స్లిమ్ మన దేశంలో విడుదలైనప్పుడు రెండింటిలోనూ 1 టీబీ స్టోరేజీ. ఎక్స్‌బాక్స్‌లో అట్లా కాదు. పెద్దది సిరీస్ ఎక్స్, 16 జీబీ మెమరీ, బొమ్మ గీసే శక్తి 12 టెరాఫ్లాప్స్. చిన్నది సిరీస్ ఎస్, 10 జీబీ మెమరీ, 4 టెరాఫ్లాప్స్. అంటే బొమ్మ గీసే బలంలో మూడో వంతు.

ఆ మూడో వంతు మాట విని సిరీస్ ఎస్‌ను తీసిపారేయకు. 2020 నవంబరు 10న రెండూ మన దగ్గర ఒకేరోజు దిగినప్పుడు ఎస్ 34,990, ఎక్స్ 49,990. ఎస్‌ను తయారు చేసిందే 1440పీ, అంటే నిలువు 1440 చుక్కల బొమ్మ కోసం, అంతకన్నా చుక్కలు ఎక్కువుండే 4కే టీవీ కోసం కాదు. నీ 32 అంగుళాల టీవీకి అది ఎక్కువే. కరెంటు కూడా తక్కువ తాగుతుంది, చప్పుడు ఉండదు, గూట్లో ఓ మూలకు ఒదిగిపోతుంది. దాని తిప్పలు రెండు. ఒకటి జాగా. 512 జీబీ అని డబ్బా మీద ఉంటుంది, సొంత సాఫ్ట్‌వేరు పోగా గేములకు మిగిలేది 364 జీబీ. ఈ రోజుల్లో పెద్ద గేము ఒక్కోటి నూరు జీబీ దాటుతోంది, మూడు దించితే నాలుగోదానికి ఒకటి తీసేయాలి. నల్లరంగులో 1 టీబీ ఎస్ 2023లో తెచ్చారు కానీ అది కొంటే ‘తక్కువ’ అన్న మాట పోతుంది. రెండోది ఆ 10 జీబీ మెమరీ. బాల్డర్స్ గేట్ 3 అనే పెద్ద గేము పీఎస్5లో 2023 సెప్టెంబరులో వస్తే ఎక్స్‌బాక్స్‌కు డిసెంబరు దాకా రాలేదు. ఇద్దరు ఒకే టీవీ మీద తెర సగం సగం పంచుకుని ఆడే పద్ధతి సిరీస్ ఎస్‌లో కుదరక ఆగింది, చివరికి ఎస్‌లో అది లేకుండానే వదిలారు. బ్లాక్ మిత్ వుకాంగ్ 2024 ఆగస్టులో పీఎస్5కు వచ్చింది, ఎక్స్‌బాక్స్‌కు సరిగ్గా ఏడాది తర్వాత వచ్చింది. కథ ఉన్న గేములు ఇష్టం అన్నావు కదా, దోస్తులందరూ ఆడేసి కథంతా నీకు చెప్పేశాక నీకు గేము వస్తే ఏం లాభం?

ఎస్ కొనేవాళ్లు ఎక్కువగా గేమ్ పాస్ అనే మైక్రోసాఫ్ట్ నెలచందా చూసి కొంటారు. నెలకు ఇంత కడితే వందల గేములు ఆడుకోవచ్చు. కొన్నాళ్లు అది నిజంగానే కారుచౌక. 2025 అక్టోబరులో దాని పెద్ద ప్లాన్ మన దేశంలో నెలకు 829 నుంచి 1,389కి పోయింది. పన్నెండు నెలలకు 16,668. చిన్న ప్లాన్లు అప్పుడు 499కి, 699కి పెట్టారు కానీ కొత్త గేము వచ్చిన రోజే కావాలంటే పెద్దదే కట్టాలి. చీటీ పాడి కొన్న మనిషి మళ్లీ నెలనెలా ఇంకో చీటీ కట్టినట్టు అవుతుంది, కాకపోతే ఈ చీటీ ఎప్పటికీ ఎత్తేది ఉండదు.

ప్రో సంగతి ఒక్క ముక్కలో. 2024 నవంబరు 7న అమెరికాలో 699.99 డాలర్లకు విడుదలైంది. అప్పుడు మన దేశానికి రాలేదు. దాని వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు అప్పటికి ఇక్కడ అనుమతి లేకపోవడం వల్ల అని సోనీ వాళ్లే చెప్పారు. అంత పోసి కొన్నా డిస్క్ పెట్టే సందు విడిగా కొనుక్కోవాల్సిందే. దుబాయ్ నుంచి తెప్పిస్తానని చెప్పేవాళ్లు ఉంటారు. చెడిపోతే అది పట్టుకుని మళ్లీ దుబాయే పోవాలి. 32 అంగుళాల టీవీకి ప్రో కొనడం సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

మిగిలింది పీఎస్5లో సందు ఉన్నదా, లేనిదా అన్నది. నన్నడిగితే ఆ పది వేలు బొమ్మ కోసం కాదు, వేగం కోసం కాదు, నీ గేము నీ చేతిలో వస్తువుగా ఉండడం కోసం. డిస్క్ లేకుండా నెట్ నుంచి, అంటే డిజిటల్‌లో కొన్న గేము నీ అకౌంటులో ఉంటుంది. ఆడటం అయిపోయాక దాన్ని అమ్మలేవు, షిఫ్టులో పక్క మిషను దగ్గర ఉండే దోస్తుకు నాలుగు రోజులు ఇవ్వలేవు, వాడి దగ్గర ఉన్నది తెచ్చుకోలేవు. రేపు కన్సోల్ అమ్మినా గేములు దానితో పోవు, నీ అకౌంటుతోనే ఉంటాయి, కొన్నవాడు వాటికి పైసా ఇవ్వడు. డిస్క్ అయితే కల్వకుర్తిలో ఉన్న బావమరిది కూడా బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించొచ్చు.

లెక్క నా సొంతది చెబుతా. పోయినేడు ఒక కథ గేము డిస్క్ 3,200కు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. రాత్రిళ్లు గంట, గంటన్నర ఆడుతూ ఐదు వారాల్లో ముగించాను. రెండు నెలలకు అదే డిస్క్ 2,500కు పోయింది. నాకు పడింది 700. అదే గేము డిజిటల్‌లో అప్పుడు 4,999. ఇక్కడ డిజిటల్ వైపు కూడా న్యాయంగా మాట్లాడాలి. ఆన్‌లైన్ స్టోరులో పండగలకు, సెలవులకు పాత గేములు సగానికి ఇస్తుంటారు. సగానికే, అంటే 2,500కే కొన్నావనుకుందాం. అప్పుడు కూడా డిస్క్ దారిలో గేముకు 1,800 మిగిలింది. ఐదారు గేములకు ఆ పది వేలు తిరిగి వచ్చేస్తాయి. షిఫ్టు డ్యూటీ మనిషివి, నెలన్నరకు ఒకటి ముగిస్తావనుకున్నా ఏడాదిలోపే. మీ తమ్ముడి ఫుట్‌బాల్‌కు ఈ లెక్క పనికిరాదు. అది ముగిసే ఆట కాదు, ఏడాదంతా ఆడతాడు, మరుసటేడు కొత్తది వచ్చేసరికి పాత డిస్క్ ఎవడూ అడగడు. మీ ఇంట్లో ఆడేది తమ్ముడొక్కడే అయితే నేను కళ్లు మూసుకుని డిజిటల్ తీసుకోమనేవాణ్ని.

ఇంకో సంగతి షాపులో ఎవరూ చెప్పరు. పీఎస్4 డిస్కులు కూడా ఆ సందులో పనిచేస్తాయి. 2013లో వచ్చిన పీఎస్4కు తయారైన వేల గేముల్లో దాదాపు అన్నీ పీఎస్5లో ఆడతాయి. వాటి డిస్కులు ఇప్పుడు ఇళ్లల్లో అలమారల మీద దుమ్ము పట్టి ఉన్నాయి. కథ గేములు ఇష్టపడేవాడికి అదొక గని. నీ దోస్తుల్లో పాత పీఎస్4 ఉన్నవాడు ఒక్కడు దొరికినా మొదటి ఆరు నెలలకు గేములు కొనే పని ఉండదు.

సెకండ్‌హ్యాండ్ డిస్కులకు మన వైపు వాళ్లు ఎక్కువగా సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీకే పోతారు. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే అదే. నువ్వూ ఎప్పుడన్నా పోతే తొందరపడకు. డబ్బా మీద బొమ్మ చూసి పైసలు ఇవ్వకు, డిస్క్ బయటికి తీయించు. అంచులు పట్టుకుని ట్యూబులైటు కింద ఏటవాలుగా తిప్పు. మెరిసే వైపు మధ్య నుంచి అంచుకు అడ్డంగా పోయిన సన్న గీతలైతే అంత భయం లేదు, బట్టతో తుడిచినప్పుడు పడేవి అవే. గ్రామఫోన్ రికార్డు మీద గాడిలాగా గుండ్రంగా తిరిగిన గీత ఒక్కటున్నా వదిలేయ్. మిషను కదిలినప్పుడు పడ్డ గీత అది, సమాచారం వరసగా పోయి ఉంటుంది. బొమ్మ వైపు కూడా చూడు, మధ్య బొక్క చుట్టూ చీలిక ఉందేమో. డబ్బాలో ‘అదనపు కోడ్’ కాగితం ఉందని ఎక్కువ అడిగితే నవ్వి ఊరుకో, ఆ కోడ్ మొదట కొన్నవాడు ఎప్పుడో వాడేసి ఉంటాడు. సగం ధరకే డిజిటల్ గేము ఇస్తామని వేరేవాళ్ల అకౌంటు నీ కన్సోల్‌లో ఎక్కించే బేరాలు కూడా తగులుతాయి. దాని జోలికి పోకు. ఒకరోజు పొద్దున లేచేసరికి గేముకు తాళం పడి ఉంటుంది, అమ్మినవాడు ఫోనెత్తడు.

డిస్క్ మీద మోజుతో ఒకటి మరిచిపోకూడదు. డిస్క్ పెట్టగానే పాత సీడీ సినిమాలాగా ఆడదు. గేము మొత్తం లోపలి స్టోరేజీలోకి ఎక్కాలి, ఆ తర్వాత కూడా ఆడినప్పుడల్లా డిస్క్ లోపల ఉండాలి. కాబట్టి డిస్క్ ఉంటే జాగా మిగులుతుంది అనేది వట్టి మాట. కొన్ని డిస్కులు పేరుకే డిస్కులు. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడరన్ వార్‌ఫేర్ 2 పీఎస్5 డిస్క్‌లో ఉన్నది నూరు ఎంబీ కూడా కాదు, మిగతాదంతా నెట్ నుంచి దించుకోవాలి. ఆన్‌లైన్‌లో కాల్చుకునే ఆటల్లో ఈ రోగం ఎక్కువ. కథ గేముల్లో చాలావాటికి ఆట మొత్తం డిస్క్‌లోనే ఉంటుంది, అప్‌డేట్ ఒక్కటే దిగుతుంది.

నీకు ఇది చిన్న విషయం కాదు, నీ నెట్ ఫోన్ హాట్‌స్పాట్ కాబట్టి. రోజుకు 2 జీబీ డేటా ప్లాన్ మీద నూరు జీబీ గేము దించాలంటే యాభై రోజులు, అది కూడా నువ్వు, మీ తమ్ముడు ఫోన్లో ఒక్క వీడియో చూడకుండా ఉంటే. ఫైబర్ పెట్టించి 40 ఎంబీపీఎస్ నిలకడగా వచ్చిందనుకో, ఐదున్నర గంటలు. రాత్రి డ్యూటీకి పోతూ పెట్టిపోతే తెల్లారేసరికి దిగి ఉంటుంది. డిస్క్ లేని కన్సోల్‌ను నెట్ లేని ఇంటికి తేవడమంటే బోరు వేయకుండా డ్రిప్పు పైపులు పరిచినట్టు. ఏది కొన్నా ఫైబర్ ముందు రానివ్వు.

డిజిటల్ స్లిమ్ తీసుకుని తర్వాత డిస్క్ డ్రైవు విడిగా తగిలించుకోవచ్చు కదా అని నీకెవరో ఒకరు చెబుతారు. నిజమే, స్లిమ్‌లో పక్క మూత ఊడదీసి బిగించుకునేలా చేశారు. అమెరికాలో విడిగా 79.99 డాలర్లకు పెట్టారు. మొదటిసారి బిగించినప్పుడు నెట్‌కు కలిపి జత చేయాలి. ఈ దారి పట్టాలంటే ఆ డ్రైవు బిల్లుతో సహా నీ చేతికి ఇచ్చే షాపు ముందు చూసుకో, డిజిటల్ తర్వాత కొను. రెండూ కలిపితే ఒకేసారి డిస్క్ మోడల్ కొన్నంత పడితే ఆ తిప్పలెందుకు?

టీవీ మార్చాలా అని అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. 32 అంగుళాల టీవీల్లో చాలావరకు ‘హెచ్‌డీ రెడీ’ రకం, అడ్డం 1366, నిలువు 768 చుక్కలు. 4కే అంటే 3840, 2160. గుణించి చూడు, దాదాపు ఎనిమిది రెట్లు. పీఎస్5 వండిన బిర్యానీని నీ టీవీ చిన్న గిన్నెలో పెట్టుకుని తింటుంది, అంతే. కడుపైతే నిండుతుంది. గేము క్షణాల్లో తెరుచుకోవడం, కదలిక నునుపుగా ఉండటం, చేతిలో కంట్రోలర్ వాన చినుకును కూడా అదిరి చూపించడం, ఇవన్నీ పాత టీవీ మీద కూడా ఉంటాయి. టీవీ రిమోట్‌లో పిక్చర్ సెట్టింగుల్లోకి పోయి ‘గేమ్ మోడ్’ ఉందేమో చూడు. ఉంటే పెట్టు. బటన్ నొక్కిన తర్వాత బంతి కదలడానికి పట్టే ఆలస్యం తగ్గుతుంది. క్రికెట్‌లో బ్యాటింగ్ చేసే మీ తమ్ముడికి 4కే కన్నా అదే ముఖ్యం. కొత్త టీవీ పాత టీవీ పోయినప్పుడు కొందువు గానీ.

ఇక నేను గట్టిగా చెప్పేది ఎండ గురించి. ఎండల్లో మా నల్లగొండ, మీ పాలమూరు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి కదా. పీఎస్5 పుస్తకంలో అది పనిచేయాల్సిన వేడి 5 నుంచి 35 డిగ్రీలు అని రాసి ఉంటుంది. మే నెలలో పైన స్లాబు ఉన్న గదిలో సాయంత్రం ఆరింటికి కూడా 35 కన్నా తక్కువ ఉండదు. మాది మేడ మీద గది. రెండేళ్ల కింద వేసవిలో మధ్యాహ్నం ఆడుతుంటే ఫ్యాను సౌండు పెరిగి పెరిగి, తెర మీద ‘చాలా వేడెక్కింది’ అని రాసి ఆగిపోయింది. వెనక చేయి పెట్టి చూస్తే ఇస్త్రీ పెట్టె దగ్గర పెట్టినట్టే ఉంది. తప్పు నాదే. టీవీ స్టాండులో అద్దం తలుపు వెనక పెట్టి, దుమ్ము పడకుండా మా ఆవిడ కుట్టిన అల్లిక గుడ్డ కప్పాను. కన్సోల్ వెనక గోడకు కనీసం 10 సెంటీమీటర్లు వదలాలి, మీద ఏదీ కప్పకూడదు. ఎండాకాలం రాత్రి తొమ్మిది తర్వాత ఆడుకోండి, కూలర్ గాలి నేరుగా దాని మీదికి కొట్టకుండా చూడండి. కూలర్ గాలిలో తేమ ఉంటుంది.

వేడి కన్నా నాకు ఎక్కువ నష్టం చేసింది ఉరుము. మేలో ఒక సాయంత్రం గాలివాన. నేను కరెంటు ప్లగ్గు పీకేశాను కానీ కేబుల్ వాళ్ల తీగ టీవీ డబ్బాకు అట్లాగే ఉంది. ఎక్కడో దగ్గర్లో పిడుగు పడ్డది. కన్సోల్ నుంచి టీవీకి బొమ్మ పంపే తీగ పెట్టే సందులు, టీవీలో ఒక హెచ్‌డీఎంఐ, కన్సోల్‌లో ఉన్న ఒక్క హెచ్‌డీఎంఐ రెండూ పోయాయి. కన్సోల్ లైటు వెలుగుతుంది, బొమ్మ రాదు. అది బాగుచేయించడానికి నాలుగు వేలు, నాలుగుసార్లు తిరగడం అయ్యాయి. అప్పటి నుంచి మబ్బు పడితే ప్లగ్గుతో పాటు హెచ్‌డీఎంఐ తీగ కూడా పీకేస్తాను. కరెంటు వచ్చి పోయే చోట కంప్యూటర్లకు పెట్టే 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టుకో. మూడు వేల చుట్టూ ఉంటుంది. దాని మీద ఆడుకోవడానికి కాదు, సేవ్ చేసి ఆపడానికి అయిదు నిమిషాలు దొరుకుతుంది. గేము దిగుతున్నప్పుడో, సేవ్ అవుతున్నప్పుడో టక్కున పోతే ఒక్కోసారి మొదటి నుంచి ఆడాల్సి వస్తుంది.

కరెంటు బిల్లు గురించి మీ నాయన అడుగుతాడు, జవాబు పెట్టుకో. పీఎస్5 పెద్ద గేము ఆడేటప్పుడు దాదాపు 200 వాట్లు. ఐదు గంటలకు ఒక యూనిట్. రోజుకు రెండు గంటలు ఆడితే నెలకు 12 యూనిట్లు. సిరీస్ ఎస్ అయితే ఐదు యూనిట్ల లోపే. 12 యూనిట్లకు భయపడక్కర్లేదు కానీ, మీకు 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తుంటే మాత్రం మీటరు మీద కన్నేసి ఉంచు. 200 యూనిట్లు దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలి. కూలర్ తిరిగే నెలలో 190 దగ్గర ఉన్న ఇంటికి ఆ 12 యూనిట్లే గీత దాటిస్తాయి.

ఇప్పుడు నీ 60 వేలు. స్లిమ్ మన దేశంలో 2024 ఏప్రిల్ 5న వచ్చినప్పుడు డిస్క్‌ది 54,990, డిజిటల్ 44,990. తర్వాత ధరలు, ఆఫర్లు కదులుతూనే ఉన్నాయి, కాబట్టి కొనే రోజు రెండింటి మధ్య తేడా ఎంతో అదే చూడు. తేడా ఐదు వేలకు దిగితే ఇంక ఆలోచించకుండా డిస్క్‌ది పట్టుకో. పది వేలున్నా నీకు డిస్కే అంటాను, పైన చెప్పిన లెక్కతో. కానీ డబ్బాలో కంట్రోలర్ ఒక్కటే వస్తుంది. అన్నాతమ్ముడు ఎదురెదురుగా ఫుట్‌బాల్ ఆడాలంటే రెండోది కొనాలి, ఆరు వేల చుట్టూ. 54,990కి ఆరు వేలు కలిపితే నీ చీటీ దాటిపోయింది, ఇంకా ఒక్క గేమూ కొనలేదు, ఫైబరూ పెట్టించలేదు, యూపీఎస్సూ రాలేదు. ఇంటి నుంచి ఇంకో ఊళ్లో ఉన్న దోస్తుతో ఫుట్‌బాల్ ఆడాలన్నా విడిగా నెలచందా కట్టాలి. ఉచిత గేములకు మాత్రం అది అక్కర్లేదు. షాపుల వాళ్లు ఈఎంఐ అంటారు. వడ్డీ లేదన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, చాలాసార్లు రొక్కం మీద వచ్చే తగ్గింపు దానికి రాదు. నాకైతే ఆటబొమ్మకు కిస్తీలు కట్టడం నచ్చదు, నీ ఇష్టం.

అందుకే ఈ నెల కొనొద్దంటాను. దసరా, దీపావళి మధ్య ఈ కన్సోళ్ల మీద కొన్ని వేలు తగ్గించడం మామూలే. మీ నాయన వేరుశనగ విత్తేదీ దాదాపు అప్పుడే. మోటరుకు వైండింగ్ పోయిందా, బేరింగా, స్టార్టరా అన్నది ఈ వారంలో మెకానిక్‌కు చూపించి ఎంతవుతుందో అడుగు. స్టార్టరో, కెపాసిటరో అయితే నీ 60లో పెద్దగా తగ్గేది ఉండదు. వైండింగ్ మొత్తం పోయిందంటే అది ముందు చేయించు, కన్సోల్ రేపైనా ఉంటుంది, విత్తనం అదునుకు నీళ్లు రేపు ఉండవు. మిగిలిన డబ్బుకు రెండు నెలల ఓటీ కలిపి పండగకు డిస్క్ మోడల్, రెండో కంట్రోలర్ కలిపి తెచ్చుకోవచ్చు. ఈలోపు ఫైబర్ పెట్టించు. తమ్ముడి ఇంటర్ పరీక్షల సంగతి నువ్వూ నేనూ మాట్లాడుకోకపోతేనే మంచిది, వాడు ఇది చదువుతాడేమో.

బిల్లు మీద సీరియల్ నంబరు రాయించు, డబ్బా మీది నంబరుతో సరిపోల్చు. వారంటీ ఏడాది ఉంటుంది, బిల్లు ఫొటో తీసి పెట్టుకో, షాపుల కాగితం ఆరు నెలల్లో తెల్లగా అయిపోతుంది.

ఇంకొకటి, నీ గోడ గూడు. స్లిమ్ 35.8 సెంటీమీటర్ల పొడవు, 21.6 లోతు, 9.6 మందం. నిలబెట్టే స్టాండు విడిగా కొనాలి, డబ్బాలో వచ్చేవి పడుకోబెట్టడానికి రెండు చిన్న ప్లాస్టిక్ కాళ్లే. పడుకోబెడితే వెనక పది సెంటీమీటర్ల గాలి జాగాతో కలిపి లోతు 32 దాకా కావాలి, అంటే అడుగు మీద అర అంగుళం పైన. పాత ఇళ్లల్లో గూళ్లు ముప్పావు అడుగే ఉంటాయి. టేపు పట్టి కొలిచి చూడు. సరిపోకపోతే గూట్లో టీవీని అట్లాగే ఉంచి, కన్సోల్ కింద ఒక స్టూలు మీద పెట్టు. నేల మీద మాత్రం వద్దు, ఊడ్చిన దుమ్మంతా దాని ముక్కులోకే పోతుంది.